పందికొక్కు తోడిన మన్ను

చేలో గొర్రెల మంద కట్టాలంటే ముందు చెయ్యాల్సిన పనులు చాలా ఉంటాయి. పత్తికట్టె పీకి గట్టు మీద కుప్ప వెయ్యాలి. పీకగా మిగిలిన మోళ్లు గొర్రె గిట్టల్లో దిగకుండా పారతో కొట్టెయ్యాలి. మంద చుట్టూ గుంజలు పాతాలి, వల చిరిగిన చోట కుట్టుకోవాలి. నీళ్లతొట్టి మోసుకురావాలి. నక్క వచ్చే దిక్కున తుమ్మకంప అడ్డం వెయ్యాలి. చిన్న గొర్రెపిల్లలను కప్పెట్టడానికి గంపలు కావాలి. ఇవన్నీ అయ్యాక, పందికొక్కులు తవ్విన బొరియలు ఒక్కటి కూడా వదలకుండా వెతికి పూడ్చాలి. చీకట్లో మంద బెదిరి లేచిందంటే గొర్రె కాలు బొరియలో దిగబడుతుంది. కాలు విరిగిన గొర్రెతో కాపరి ఏం చేసుకుంటాడు?

2003 వేసవిలో, దర్శికి అవతల మా ఊళ్లో, చెంచురామయ్య పత్తిచేలో గొర్రెల కాపరి బుల్లయ్య ఈ పనులన్నీ ఒక్కడే చేశాడు. పత్తి తీసేసిన చేలో గొర్రెలు కొన్నాళ్లు పడుకుని లేస్తే నేలకు బలం వస్తుందని, వచ్చే కారుకు అక్కడ మిరప వేసుకోవచ్చని చెంచురామయ్య ఆశ.

బుల్లయ్యకు చెల్లెలు బసవమ్మ. ఆమె కూతురు జ్యోతిర్మయి. వాళ్ల వీధిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఒంగోలులో మైక్రోబయాలజీ తీసుకుని బీఎస్సీ చివరి పరీక్షలు రాసి, ఇంటికి వచ్చి ఉంది. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామే పెంచాడు. "మా కోడలు కంటికి కనపడని పురుగుల్ని చదివింది. రేపు ఏదన్నా తేడా వస్తే తనకు కనపడలేదనడానికి లేదు," అని బుల్లయ్య రచ్చబండ దగ్గర గొప్పలు పోయేవాడు.

ఆ రోజు జ్యోతిర్మయి అన్నం క్యారేజీ పట్టుకుని చేలోకి వెళ్లేసరికి మేనమామ నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి బొరియలో పెట్టి ఉన్నాడు. పక్కన గడ్డపార పడి ఉంది.

"మావయ్యా! లోపల పాముంటే ఏం చేస్తావు?"

"పాముంటే వాకిలి తెరిచే ఉంటదే. ఇది లోపల్నుంచి మన్నెట్టి తలుపేసుకుంది. సిగ్గు, మర్యాద తెలిసిన శాల్తీ!"

మాట పూర్తికాకుండానే లోపల గుర్రుమని చప్పుడైంది. బుల్లయ్య "అబ్బా, నీ తాడు తెగ!" అంటూ చెయ్యి లాగాడు. చూపుడువేలి మీద రెండు పంటి గాట్లు, ఎర్రగా రక్తం. వెనకే బయటికి ఉరికిన పందికొక్కును గడ్డపార తిరగేసి ఒక్కటి వేశాడు. ముళ్లలాంటి బొచ్చుతో, పిల్లి అంత ఉంది. గట్టు మీదికి విసిరేశాడు.

జ్యోతిర్మయి మాత్రం అది తోడిపోసిన మన్ను వైపే చూస్తోంది. చేనంతా ఎండకు నెర్రెలిచ్చి, గడ్డపార దిగనంత గట్టిగా ఉంది. ఆ మూల, దున్నకుండా వదిలేసిన ఎత్తుగడ్డ మీద మాత్రం మన్ను జల్లెడ పట్టిన పిండిలా మెత్తగా, బూడిద రంగులో కుప్పలు కుప్పలుగా ఉంది. అందులో తెల్లగా ఎముక ముక్కలు. ఒకచోట పళ్లతో సహా దవడ.

"ఇవేం ఎముకలు మావయ్యా?"

"మా నాయన పూడ్చిన గొర్రెలయ్యి. నాకింకా మూతి మీద మీసం రాలేదప్పటికి. ఒక వానాకాలం ఈ గడ్డ మీదే మందలో సగం పడిపోయింది. ఇక్కడే గుంట తీసి పూడ్చాడు. చూడు, ఈ దొంగముండ మళ్లీ అంతా బయటేసింది."

ఏ జబ్బుతో పడిపోయాయి అని జ్యోతిర్మయి అడగలేదు. అన్నం చల్లారుతోందని మాత్రం అంది. బుల్లయ్య "రెండు నిమిషాలాగు" అని ఆ మెత్తటి మన్నును రెండు చేతులతో దగ్గరికి లాగి, ఒళ్లోకి ఎత్తుకున్నట్టు ఎత్తి, బొరియల్లో కూరి తొక్కాడు. పొద్దుటి నుంచి పత్తికట్టె పీకిన చేతులు అవి. మోచేతి దాకా మోళ్లు గీరిన గీతలు, కొన్నిటి మీద ఇంకా తడి ఆరలేదు. ఆ గీతల్లోకి బూడిదరంగు మన్ను దిగింది. తొట్టిలో చెయ్యి ముంచి, పంచెకు తుడుచుకుని అన్నానికి కూర్చున్నాడు.

సాయంత్రం మంద దిగింది.

ఆ చుట్టుపక్కల ఎలుక కరిచినా, పందికొక్కు కరిచినా అందరూ మాబు సాహెబు దగ్గరికే పోతారు. ఆయన పరుపులు కుట్టే ముసలాయన. ఏదో ఆకు నూరి, పసరు తీసి తాగిస్తాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పుచ్చుకుంటే మందు పనిచెయ్యదని ఆయన తండ్రి చెప్పి పోయాడట. అయితే పథ్యం గట్టిది. ఉప్పు ముట్టకూడదు, పులుపు ముట్టకూడదు. అన్నిటినీ మించిన షరతు ఇంకొకటి ఉంది. సాహెబు తన చేత్తో పథ్యం విప్పేదాకా ఇంగ్లీషు మందు ఒంట్లోకి పోకూడదు, సూది అసలే తగలకూడదు. తగిలితే పసరు తిరగబడి విషం నెత్తికెక్కుతుందని ఊరంతా నమ్ముతారు. బుల్లయ్య పసరు తాగి, చప్పిడి మెతుకులు తింటూ మంద దగ్గరే ఉన్నాడు. వేలి మీద గాట్లు తొందరగానే మానిపోయాయి.

ముంజేతి మీద మాత్రం దోమ కుట్టినట్టు ఒక దద్దురు లేచింది. దురద పెట్టింది. తర్వాత నీటిపొక్కు అయింది, చితికింది, మధ్యలో నల్లబడింది. బసవమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. చూసినవాళ్లంతా సంతోషించారు. నొప్పి లేదంటే విషం దిగిపోయినట్టే. నల్లబడిందంటే పసరు విషాన్ని అక్కడే పట్టి మాడ్చేసినట్టు. ఆ పసరు పని ఎప్పుడూ చూస్తున్నవాళ్లు కాబట్టి వాళ్లకు వేరే ఆలోచన రాలేదు. జ్యోతిర్మయి దర్శిలో కంప్యూటర్ క్లాసుకు పోయి వస్తూ ఉండేది. గుడ్డ కట్టిన చెయ్యి చూసి, కాటు ఆ చేతికే కదా అనుకుంది.

ఒక మధ్యాహ్నం చెంచురామయ్య బసవమ్మ వాళ్ల ఇంటి ముందు ఆగి కేకేశాడు. "బసవమ్మా! మీ అన్న మందలో గొర్రె తూలుతోంది, రండి."

తల్లీ కూతుళ్లు వెళ్లేసరికి ఒక పెద్ద గొర్రె నాలుగు కాళ్లూ చాపి వణుకుతోంది. పొద్దున దాకా గడ్డి కొరికిన గొర్రె. బుల్లయ్య కత్తి తీసి మెడ దగ్గర కూర్చున్నాడు. ప్రాణం ఉండగానే కోస్తే మాంసం నలుగురి ఇళ్లకూ పోతుంది, చచ్చాక కోస్తే ఎవరూ ముట్టరు. కాపరులు ఎప్పుడూ చేసేదే.

"కొయ్యరా బుల్లయ్యా, ఏం చూస్తన్నావు? కళ్లు తేలేస్తోంది!" అన్నాడు చెంచురామయ్య.

అప్పుడే గొర్రె ముక్కులోంచి రక్తం వచ్చింది. తారులా నల్లగా ఉంది. నేల మీద పడింది కానీ గడ్డకట్టలేదు. నెర్రెలో నుంచి సన్నగా పారుతూనే ఉంది. ఆ ఎండలో ఏ రక్తమైనా క్షణంలో అట్టకట్టాలి.

"మావయ్యా, కొయ్యమాక! కత్తి తగలనియ్యమాక!"

జ్యోతిర్మయి అరిచిన అరుపుకు బుల్లయ్య చెయ్యి ఆగిపోయింది. ఈలోగా గొర్రె ప్రాణం పోయింది. చెంచురామయ్య విసుక్కున్నాడు. "ఏందమ్మాయ్, వంట దగ్గర పిల్లిని అదిలిచ్చినట్టు? నలుగురూ తినేది నేలపాలు చేశావే."

"ఇదేం జబ్బు మావయ్యా? నువ్వెప్పుడైనా చూశావా?"

"దొమ్మ," అన్నాడు బుల్లయ్య మెల్లిగా. "మా నాయన కాలంలో ఇట్టాగే కారింది."

మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న అది. జ్యోతిర్మయి కళ్లు కత్తి పట్టిన చేతి మీద పడ్డాయి. "ఆ గుడ్డ విప్పు," అంది.

విప్పాడు. ముంజేతి మీద బొగ్గులాగా నల్లటి చెక్కు. దాని చుట్టూ కట్టు కట్టినట్టు వాపు, వాపు మీద చిన్నచిన్న నీటిపొక్కులు. మోచెయ్యి దాటి భుజం దాకా చెయ్యంతా బిగదీసి ఉంది. కాలేజీలో లెక్చరర్ ఆంత్రాక్స్ పాఠంలో గోడ మీద చూపించిన బొమ్మ అచ్చం ఇదే. ఆ రోజు వెనక బెంచీలో ఎవరో వడ మాడినట్టుందని అంటే అందరూ నవ్వారు.

"నొప్పి ఉందా?"

"నొప్పేం లేదే. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, అంతే."

నొప్పి ఉందని అంటే బాగుండునని ఆ అమ్మాయి ప్రాణం కొట్టుకుంది.

"పందికొక్కు కరిచింది ఏ వేలికి?"

"ఇదిగో, దీనికి. ఎప్పుడో మానింది."

"మరి పుండు ఇక్కడ ఎందుకొచ్చింది?"

"విషం పైకెక్కబోతే పసరు ఇక్కడ పట్టుకుంది."

"కాదు మావయ్యా. పందికొక్కు కరిస్తే సలుపుతుంది, చీము పడుతుంది. నొప్పి లేకుండా నల్లబడేది దాని పని కాదు. పందికొక్కు మన్ను తోడింది, అంతవరకే. నిన్ను పట్టింది ఆ మన్నులో ఉన్నది. గొర్రెనూ అదే పట్టింది."

"మన్ను కరుస్తదా అమ్మాయ్?" చెంచురామయ్య నవ్వాడు.

"మన్నులో ఉండే బాక్టీరియా బాబాయ్."

"బాక్టీరియా అంటే బీటీ పత్తిలో ఉంటదంటన్నారే, కాయతొలిచే పురుగుని చంపేది? అది మంచిదేగా?"

"దానికి దగ్గర చుట్టం ఇది. అది పురుగును చంపుతుంది. ఇది గొర్రెనూ మనిషినీ చంపుతుంది."

"చుట్టాలన్నాక అందరూ ఒక్కలాగుంటారా," అన్నాడు చెంచురామయ్య. అవతల ఇంకో గొర్రె మోకాళ్ల మీద కూలబడింది.

ఒంగోలు పోదాం, ఇంజెక్షన్లు ఉన్నాయి, తొందరగా వేస్తే నయమవుతుంది అని జ్యోతిర్మయి బతిమాలింది. బుల్లయ్య తల అడ్డంగా ఊపాడు. పథ్యంలో ఉండగా సూది పడితే మనిషి మిగలడన్నాడు. బసవమ్మ కూతురిని పక్కకు లాక్కుపోయింది.

"నువ్వు చెప్పింది నిజమైతే సరే. కాకపోతే ఏందే? నా ఒక్కగానొక్క అన్న. సూది పొడిపిచ్చి చంపిందన్న మాట నేను ఎట్టా మొయ్యాలి?"

జ్యోతిర్మయి గాలి కూడా ఆడని ఆ ఎండలో మాబు సాహెబు ఇంటికి పరుగెత్తింది.

సాహెబు వసారాలో కూర్చుని పరుపుకు దారం పోస్తున్నాడు. అంతా విన్నాడు. చేతిలో సూది ఆగిపోయింది.

"అంటే నా మందు తప్పంటావా బిడ్డా?"

"మీ మందును ఏమీ అనటం లేదు తాతా. జబ్బే వేరంటన్నా. మీరు విప్పితే తప్ప ఆయన కదలడు. ఒక్కసారి రండి. చూసి, కాదంటే కాదనండి."

ముసలాయన చెప్పులేసుకున్నాడు. చేలో బుల్లయ్య చెయ్యిని దూరం నుంచే చాలాసేపు చూశాడు. రెండో గొర్రె కూడా అప్పటికి చచ్చిపోయింది. గట్టు మీద కుక్కలు చేరాయి, పైన గద్దలు తిరుగుతున్నాయి.

"నేను వేలే చూశాను బుల్లయ్యా. ఈ చెయ్యి నాకు చూపించలేదు నువ్వు. దీనికి మందు నా దగ్గర లేదు." అలా అని బసవమ్మ వైపు తిరిగాడు. "చిటికెడు ఉప్పు ఎవరింట్లోంచైనా తీసుకురా తల్లీ."

ఉప్పు తెచ్చారు. సాహెబు తన చేత్తో బుల్లయ్య నాలుక మీద పెట్టాడు. "పథ్యం విప్పేశా. ఇక ఏ సూది పడినా నా పసరు అడ్డం రాదు. నా మాట నమ్ము. ఆ పిల్ల చెప్పినట్టు చెయ్యి."

బుల్లయ్య ఆ ఉప్పును చప్పరిస్తూ మేనకోడలి వైపు చూశాడు. ఆ చూపుతోనే ఆమె మాట పూర్తిగా నమ్మాడని అందరికీ తెలిసింది. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ డాక్టరుకు సంగతి చెబితే, ఆ మందు తన దగ్గర లేదు, ఒంగోలుకే తీసుకుపొమ్మన్నాడు. బసవమ్మ జీపు మాట్లాడటానికి వెళ్లింది. ఇక గండం గడిచిందని జ్యోతిర్మయి అనుకుంది.

జీపు వచ్చేలోగా బుల్లయ్య అడిగాడు. "అది మన్నులో ఎన్నాళ్లు బతుకుతుందే?"

పరీక్షలో రాసినట్టే చెప్పింది ఆ అమ్మాయి. "పందికొక్కు మహా అయితే ఏడాదో, రెండేళ్లో. తిండి లేకపోతే చస్తుంది. బొరియలోకి నీళ్లు పోసినా, పొగ పెట్టినా చస్తుంది. దీన్ని అవేమీ చెయ్యలేవు. గింజలాగా చుట్టూ పెంకు కట్టుకుని పడుకుంటుంది. తినదు, తాగదు. ఎండలకూ లొంగదు. తాత పూడ్చినప్పటి నుంచి ఇక్కడే ఉంది. మనం పోయాక కూడా ఉంటుంది."

"మరి నడుస్తదా?"

"తనంతట తాను జానెడు కూడా కదల్లేదు."

"అయితే పైకి రావడానికి దానికి పందికొక్కు కావాలి."

"పందికొక్కో, నాగలో, కుక్కో. ఏదైనా సరే. చచ్చిన గొర్రె రక్తం నేల మీద పడి గాలి తగిలిందంటే మళ్లీ కొత్తగా గింజ కడుతుంది. కుక్క లాక్కుపోయిన చోటల్లా అదే మొదలు."

బుల్లయ్య గట్టు మీది కుక్కల వైపు చూశాడు. "చచ్చేదెట్టా మరి?"

"కాల్చాలి. బూడిదయ్యేదాకా."

జీపు గట్టు దగ్గరికి వచ్చి ఆగింది. బుల్లయ్య లేచాడు. జీపు వైపు కాదు, పత్తికట్టె కుప్ప వైపు నడిచాడు.

"మావయ్యా! ముందు ఎక్కు. మిగతాది మేం చూసుకుంటాం."

"ఎవరే చూసేది? నువ్వా? మీ అమ్మా?" ఆయన గొంతు ఎప్పుడూ అంత గట్టిగా ఆమె వినలేదు. "నువ్వు చదివింది దాన్ని కనిపెట్టడానికి. ముట్టుకోవడానికి కాదు. నా చేతికి ఎట్టాగూ అంటింది. ఇంకో చేతికి ఎందుకు అంటించడం? మనం ఒంగోలు చేరేలోపు ఈ కుక్కలు ఊరంతా పంచుతాయి."

చెల్లెల్ని మిగిలిన మందను తోలుకుని అవతలి బీడులోకి పొమ్మన్నాడు. చచ్చిన గొర్రెలను ఈడవలేదు. పడిన చోటే వాటి చుట్టూ, వాటి మీదా పత్తికట్టె పేర్చాడు, తుమ్మమొద్దులు పెట్టాడు. వాచిన చెయ్యి పక్కన వేలాడుతుంటే ఒంటిచేత్తో మోశాడు. సాహెబు ఉండబట్టలేక ఒక మోపు ఎత్తబోతే, "దూరం పో సాహెబూ, అల్లా మీద ఒట్టు!" అని కసిరాడు. జ్యోతిర్మయి ఏడుస్తూ జీపుకూ చేనుకూ మధ్య తిరిగింది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి మానేశాడు. నిప్పంటుకుంది. బొచ్చు కాలిన వాసన ఊరి మీదికి పోయింది.

మంట సద్దుమణిగి, బుల్లయ్య జీపు ఎక్కడానికి ఒక కాలు పైన పెట్టాడు. బీడులోంచి బసవమ్మ కేక వినిపించింది. మూడోది పడింది.

ఆయన కాలు దింపాడు.

వాళ్లు బయలుదేరేసరికి పొద్దు వాలింది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్ల లారీలు దారి ఇవ్వలేదు. జీపులో బుల్లయ్య తల జ్యోతిర్మయి భుజం మీద వాల్చాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. "పశువుల డాక్టరుకి చెప్పి టీకాలు ఏపిచ్చండే," అన్నాడు. మళ్లీ, "నన్ను పూడ్చమాకండి. కాల్చండి," అన్నాడు.

"ఊరుకో మావయ్యా!"

"ఊరుకుంటాలే. చెప్పాను, అంతే."

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చూడగానే గుర్తుపట్టాడు. సెలైన్ పెట్టారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రక్తంలోకి పాకిపోయింది, నిన్న తెచ్చినా, కనీసం మధ్యాహ్నం తెచ్చినా బాగుండేదని డాక్టరు అన్నాడు. మర్నాడు పొద్దెక్కక ముందే బుల్లయ్య పోయాడు. వాళ్ల ఇళ్లలో పూడ్చడమే ఆనవాయితీ. ఆయన్ను మాత్రం కాల్చారు.

మందకు టీకాలు పడ్డాయి. ఇంకో గొర్రె చావలేదు. ఊళ్లో ఇంకెవరి చేతి మీదా నల్ల పుండు లేవలేదు. చెంచురామయ్య ఆ ఎత్తుగడ్డ చుట్టూ రాళ్లు పాతించి కంచె వేయించాడు. మొదటి వాన పడ్డ రోజు జ్యోతిర్మయి ఆ కంచె బయట నిలబడి లోపలికి చూసింది. కొత్తగా తోడిన మన్ను, తడిసి మెత్తగా, కుప్పగా ఉంది. ఆ పక్కనే మరొకటి. రాత్రికి రాత్రి వచ్చినవే.

ఆ అమ్మాయి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో కాపరులు కనపడితే నిలబెట్టి, చేతులు చూపించమంటుంది. ఆడపిల్ల మా చేతులు పట్టుకు చూస్తుందేందని వాళ్లు నవ్వుతారు. ఇది చదివిన మీరు కూడా ఆ పని చెయ్యండి. గొర్రెలు కాసే మనిషి చేతి మీద నల్లటి పుండు కనపడి, నొప్పి లేదని ఆయన అంటే, ఆ మాటకు సంతోషించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. దారిలో ఒక్కసారి మా ఊరి బుల్లయ్యను తలుచుకోండి.